మాఘంలో నిద్ర ఉండదు, ఆషాఢంలో పని ఉండదు: ఇంటి నుంచి ఎడిటింగ్, డిజైన్, బొమ్మలు చేసేవాళ్లు రోజును ఎలా నడుపుతున్నారు?

గుంటూరు ఎడిటర్
ఆరేళ్లుగా ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. అంతకుముందు ఒక స్టూడియోలో జీతానికి చేసేవాణ్ణి. పని వచ్చు, ఫొటోగ్రాఫర్లకు నా మీద నమ్మకం ఉంది. ఇబ్బంది అంతా టైమ్‌తోనే. మాఘం, ఫాల్గుణం వస్తే వారంలో నాలుగు హార్డ్ డిస్కులు వచ్చి పడతాయి. ప్రధానం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా మూడు కెమెరాల ఫుటేజ్, పైన డ్రోన్. రాత్రి రెండింటి దాకా కూర్చుంటాను. ఆషాఢం రాగానే ఫోన్ మోగదు. అప్పుడైనా మిగిలిన పాత పని పూర్తి చేయొచ్చు కదా, అది కూడా ముట్టుకోబుద్ధి కాదు. సాయంత్రానికి ఒక్క పాట కూడా కట్ అయి ఉండదు.

ఇంట్లో ఉంటాను కాబట్టి గ్యాస్ బండ దించుకోవడం దగ్గర నుంచి చుట్టాల్ని బస్టాండ్‌లో దించడం దాకా నాకే చెబుతారు. వాళ్లను తప్పుపట్టను. నేను ఎప్పుడు పనిలో ఉంటానో నాకే తెలియనప్పుడు వాళ్లకెలా తెలుస్తుంది? మీకు నిజంగా పనికొచ్చినవి చెప్పండి.

బొమ్మలక్క (హైదరాబాద్)
తమ్ముడూ, నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. నాకు మేలు చేసింది ఒక పాత నోటుబుక్కు. రెండు పుస్తకాల పాటు ఏ బొమ్మకు ఎన్ని గంటలు పట్టిందో రాసుకుంటూ పోయాను. ఎదురెదురు పేజీలు కలిపి వేసే పెద్ద బొమ్మకు పెన్సిల్ రఫ్ రెండు గంటలు, రంగులు ఆరు గంటలు, ఆ తర్వాత మార్పులకు ఇంకో మూడు. 24 పేజీల పుస్తకానికి నేను మూడు వారాలని మాటిచ్చేదాన్ని. లెక్క చూస్తే ఏడు వారాల పని! అంటే నేను బద్ధకస్తురాలిని కాదు, ఇచ్చిన మాటే తప్పు. ఆ రోజు ఏడ్చాను కూడా. ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకున్నదంతా గుర్తొచ్చి.

ఇప్పుడు పాప లేవకముందు, ఐదు నుంచి ఏడున్నర వరకు కొత్త బొమ్మ మాత్రమే. మెసేజ్‌లు పన్నెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి చూస్తాను. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి డబ్బులు. ఇది ముందే రాసి పంపిస్తాను. "ఇంకొంచెం బ్రైట్‌గా" అనే మెసేజ్‌లు దాంతో చాలా తగ్గాయి.

సబ్‌టైటిల్ పనిమనిషి
నేను తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. లైన్‌కు ఇన్ని అక్షరాలే అని హద్దు ఉంటుంది, మనిషి వేగంగా మాట్లాడేస్తాడు, అర్థం పోకుండా కుదించాలి. నాకు గంటకు ఎనిమిది నిమిషాల వీడియో అవుతుంది, అంతే. అందరూ చెప్పే పొమొడోరో, అదే 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, టైమింగ్ సరిచేసేటప్పుడు బాగా పనిచేసింది. హాస్యం ఉన్న సీన్లకు మాత్రం అసలు కుదరలేదు. మాట దొరికే సమయానికి గంట మోగుతుంది. కాబట్టి అన్ని పనులకూ ఒకే పద్ధతి పెట్టుకోవద్దు.

పాత డీటీపీ (విజయవాడ)
అను తెలుగు ఫాంట్లతో శుభలేఖలు చేసిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. తమ్ముడూ, నీకు కావాల్సింది గడియారం కంటే ముందు పంచాంగం. ఉగాదికి కొనగానే శూన్య మాసాలు, మూఢాలు ఎర్ర పెన్నుతో గీసిపెట్టుకో. 2024 వేసవి గుర్తుందా? శుక్ర మూఢం, గురు మూఢం కలిసొచ్చి ఏప్రిల్ చివర నుంచి ముహూర్తాలు ఆగిపోయాయి, అవి అయ్యేసరికి ఆషాఢం. మళ్లీ పెళ్లిళ్లు శ్రావణంలోనే. వైశాఖం సీజన్ మీద ఆశ పెట్టుకుని ఈఎంఐలు పెట్టుకున్నవాళ్లు ఎంత నలిగిపోయారో దగ్గర నుంచి చూశాను. ఆ టెన్షన్‌లో ఎవరికైనా పని మీద మనసు నిలుస్తుందా? దాన్ని బద్ధకం అనకు.

మాఘంలో వచ్చిన డబ్బు వేరే ఖాతాలో వేసి, నెలనెలా అందులోంచి నాకు నేనే జీతం తీసుకుంటాను. సగం అడ్వాన్స్ లేనిదే డిస్కు తెరవను. ఇంకొకటి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు, చేయించుకో. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది, ఎవరికీ డబ్బు కట్టకు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే.

డాలస్ నుంచి
ఇక్కడి నుంచి ఇండియాలో ఉన్న డిజైనర్లకు పని పంపిస్తుంటాను, అటువైపు మాట కూడా వినండి. వేసవిలో మాకు ఉదయం తొమ్మిదైతే మీకు రాత్రి ఏడున్నర. మేం రోజు మొదలుపెట్టి పంపే మెసేజ్‌కు మీరు అప్పుడే జవాబివ్వాలని మాకేమీ ఉండదు. "రేపు ఉదయం చూస్తాను" అని ఒక్క ముక్క చాలు. ఏ జవాబూ లేకపోతేనే కంగారు.

కొత్తగా మొదలుపెట్టా
ఇవన్నీ చేసినా ఉత్సాహం రావట్లేదండి. నాకు లోగోలు చేయడం చాలా ఇష్టం, ఇప్పుడు ఫ్లెక్సీలు తప్ప ఏమీ రావట్లేదు.

బొమ్మలక్క (హైదరాబాద్)
చెల్లీ, వారంలో ఒక పూట ఎవరూ అడగని పని చెయ్యి. నేను మా వీధి చివర ఇస్త్రీ బండిని పది రకాలుగా వేశాను. ఒక్క రూపాయి రాలేదు, కానీ మళ్లీ బ్రష్ పట్టుకోవాలనిపించింది.

గుంటూరు ఎడిటర్ (నెల తర్వాత)
అందరికీ థ్యాంక్స్. లెక్క రాశాను. పూర్తి నిడివి పెళ్లి వీడియోకు 22 గంటలు, హైలైట్స్‌కు 9. దాని ప్రకారమే ఫొటోగ్రాఫర్లకు తేదీలు చెబుతున్నాను. ఒకరు వెళ్లిపోయారు, మిగతా ముగ్గురూ సరే అన్నారు. ఉదయం ఆరు నుంచి పది వరకు గది తలుపు వేసి ఉంటుందని అమ్మకు చెప్పాను. మొదటి వారం మర్చిపోయి పిలిచింది, ఇప్పుడు చుట్టాలకు తనే చెబుతోంది. మధ్యాహ్నాలు ఇంకా నా చేతిలో లేవు.

డీటీపీ అన్నా, పోయిన సీజన్ బిల్లు ఒకటి ఆగిపోయి ఉంది. ఇప్పుడు ఉద్యమ్ చేయిస్తే దానికి పనికొస్తుందా?

పాత డీటీపీ (విజయవాడ)
పని చేసే నాటికే రిజిస్ట్రేషన్ ఉంటేనే మంచిది. ఇప్పుడు చేయించి పాత బిల్లు అడిగితే నిలవడం కష్టం. దాన్ని మంచిగా మాట్లాడి రాబట్టుకో, రాబోయే శ్రావణం లోపు మాత్రం చేయించెయ్. ఎవరూ అడగని పని ఏమైనా మొదలుపెట్టావా?

గుంటూరు ఎడిటర్
పెట్టానన్నా. మంగళగిరిలో మా మేనమామ మగ్గం మీద నిజాం అంచు చీరలు నేస్తారు. రెండు ఆదివారాలు వెళ్లి షూట్ చేశాను. పాట పెట్టలేదు, మగ్గం చప్పుడే ఉంచాను. నాలుగు నిమిషాలు వచ్చింది. రేపు ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.