అప్‌డేట్: కారు తలుపులకు కొత్త రెగ్జిన్ వేయడం పూర్తయింది

మా పాత కారు తలుపుల లోపలి ప్యానెళ్లపై రెగ్జిన్ ఊడి వేలాడుతున్నదనీ, ఇంట్లోనే మార్చుకోవచ్చా అనీ వేసవిలో అడిగాను. ఇప్పటికి నాలుగు తలుపులూ పూర్తయ్యాయి. పిడి వెనుక దాగిన స్క్రూ తీయకుండా లాగవద్దన్న మీ హెచ్చరిక వల్ల ప్యానెళ్లు పగలలేదు గాని, క్లిప్పులు మూడు విరిగాయి.

అసలు శ్రమంతా పాత ఫోమును వదిలించడంలోనే ఉంది. రెగ్జిన్ లాగగానే అది తడిసిన సున్నిపిండిలా వేళ్లకు అంటుకుంది. దానిని బ్రష్షుతో గీకి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్‌ను శుభ్రం చేయడానికి ఒక్కో తలుపుకు ఒక పూట పట్టింది. రబ్బరు జిగురును రెండువైపులా పూసి 10 నిమిషాలు ఆరనివ్వాలని డబ్బాపై ఉన్నా, మా భీమవరంలో ముసురు పట్టిన రోజున అరగంట తరువాత కూడా వేలికి తడి తగిలింది. తొందరపడి అతికించిన మొదటి తలుపు అంచులు వారంలోనే లేచాయి. ఎండ కాసిన రోజు చూసుకుని మళ్లీ చేశాను. చేయి ఆనించుకునే చోట, వంపులో ముడతలు పడకుండా, హెయిర్ డ్రయ్యరుతో రెగ్జిన్‌ను వెచ్చచేసి, మధ్య నుంచి అంచుల వైపు నొక్కుతూ పోయి, వెనుకకు మడవడానికి 2 సెంటీమీటర్లు వదిలి కోశాను.

ప్యానెల్ వెనుక చిరిగిన ప్లాస్టిక్ షీటునూ మార్చాను. వాననీరు లోపలికి చేరుతున్నది అక్కడినుంచే. స్పీకరు చుట్టూ కోత కొంచెం వంకర పోయింది గాని, దానిని అలాగే వదిలేశాను.