పవర్ బీఐలో తోతాపురి మామిడి గుజ్జు నాణ్యతకు రాడార్ చార్టు: ఆరు కొలతలు ఒకే బొమ్మలో ఎలా?

గుజ్జు_లెక్కలు, చిత్తూరు:
ల్యాబ్ రిపోర్టు పని. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు ర్యాంపుల (మామిడి కొనే యార్డుల) నుంచి వచ్చే తోతాపురి లోడ్లకు ఆరు కొలతలు రాస్తాం: బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత, పీహెచ్, బాస్ట్‌విక్ చిక్కదనం (గుజ్జు ఎన్ని సెంటీమీటర్లు పారిందో), రంగు మార్కు, నల్ల మచ్చల లెక్క. మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐతో వచ్చే విజువల్స్‌లో రాడార్ (సాలెగూడులా ఉండే చార్టు) లేదు. ఎక్సెల్‌లో గీస్తే బ్రిక్స్ 15 దగ్గర పొడుచుకొస్తోంది, 0.5 ఉన్న ఆమ్లత నడిమధ్యన అతుక్కుపోతోంది. టేబుల్‌లో ర్యాంపుకొక బుల్లి రాడార్ రావాలి. దారి చెప్పండన్నా.

డాక్స్_తిరుపతి:
గీయడం సులువే అన్నా, అసలు పని స్కేలుది. ముందు పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటా సర్దే చోటు) ఆరు కాలమ్‌లనూ అన్‌పివట్ చేసి బ్యాచ్, కొలత, విలువ అని నిలువుగా పెట్టండి. పక్కన ఆరు వరుసల చిన్న టేబుల్: కొలత పేరు, 0 నుంచి 5 దాకా క్రమం, కనిష్ఠం, గరిష్ఠం. రెండింటినీ కొలత పేరుతో కలపండి.

స్కోరు = (విలువ − కనిష్ఠం) ÷ (గరిష్ఠం − కనిష్ఠం). బ్రిక్స్‌కు 12, 18 పెడితే 15 వచ్చిన లోడుకు 0.5. బాస్ట్‌విక్‌లో సెంటీమీటర్లు తగ్గేకొద్దీ గుజ్జు చిక్కన, కాబట్టి మీకు చిక్కదనమే మేలయితే ఆ స్కోరును 1లోంచి తీసేయండి. మచ్చలకూ అంతే. పీహెచ్ ఎక్కువైనా తక్కువైనా తప్పే కదా, దానికి మీ లక్ష్యం నుంచి ఎంత దూరమో చూసి, ఒప్పుకునే తేడాతో భాగించి, 1లోంచి తీయండి.

కోణం = 2 × π (పై) × క్రమం ÷ 6 − π ÷ 2. ఆ చివరి తీసివేత వల్లే మొదటి కొలత పైన నిలబడుతుంది. బొమ్మ కేంద్రం 100, 100; వ్యాసార్థం 80 అనుకుంటే ఎక్స్ = 100 + 80 × స్కోరు × కాస్, వై = 100 + 80 × స్కోరు × సైన్. సరిచూసుకోడానికి: క్రమం 1, స్కోరు 0.5 అయితే 134.6, 80 రావాలి.

ఈ బిందువులను డాక్స్ (పవర్ బీఐ ఫార్ములా భాష)లోని కంకాటినేట్‌ఎక్స్‌తో కలిపి ఎస్‌వీజీ (కోడ్‌తో గీసే బొమ్మ) పాలిగాన్‌లో పెట్టండి. చివర క్రమం కాలమ్‌తో సార్ట్ ఇవ్వకపోతే గీతలు అడ్డదిడ్డంగా దాటుకుంటాయి. సగటును విడిగా మెజర్‌గా (పేరు పెట్టి దాచిన ఫార్ములాగా) రాసి లోపల పిలవండి. నేరుగా యావరేజ్ రాస్తే ఆరు మూలలకీ ఒకే సగటు వస్తుంది. రంగు కోడ్‌లో హ్యాష్ బదులు %23 రాయాలి, ఎస్‌వీజీ నేమ్‌స్పేస్ ఉండాలి, మెజర్ డేటా కేటగిరీ ఇమేజ్ యూఆర్‌ఎల్ కావాలి. కేటగిరీ మార్చకపోతే బొమ్మకు బదులు కోడే కనబడుతుంది.

గుజ్జు_లెక్కలు, చిత్తూరు:
వచ్చిందన్నా, చాలా థ్యాంక్స్. రెండు ర్యాంపులకు మాత్రం బ్రిక్స్ మూల కిందికి తిరగబడి చట్రం దాటిపోతోంది.

డాక్స్_తిరుపతి:
ఆ లోడ్లకు బ్రిక్స్ నమోదు కాలేదు. ఖాళీని డాక్స్ లెక్కలో సున్నాగా తీసుకుంటుంది: (0 − 12) ÷ 6 = −2. అంటే కేంద్రం నుంచి ఎదురు దిక్కుకు 160. స్కోరును 0, 1 మధ్య బిగిస్తే చట్రంలోకి వస్తుంది గానీ, పరీక్షే చెయ్యని సరుకు అధ్వాన్నమైన సరుకులా కనబడుతుంది. ఇది రైతుకు అన్యాయం. ముందు ఇజ్‌బ్లాంక్‌తో విలువ ఖాళీయేమో చూసి, ఒక్క కొలత లేకున్నా పాలిగాన్ ఆపి "పరీక్ష లేదు" అని రాయించండి. బిగింపు ఆ తర్వాత.

చార్టు_పిచ్చి:
మూలల మీద మౌస్ పెడితే విలువ కనబడాలంటే ఎస్‌వీజీతో కాదు, అది వట్టి బొమ్మ. డెనెబ్ అనే అదనపు విజువల్ పెట్టి, వేగా అనే చార్టుల భాషలో రాయండి. గీత రకం లీనియర్-క్లోజ్డ్ అయితే చివరి బిందువు మొదటిదానితో కలుస్తుంది. కోణాల స్కేలు −π నుంచి π దాకా ఇచ్చినప్పుడు ప్యాడింగ్ 0.5 తప్పనిసరి, లేకుంటే మొదటి, ఆరో కొలతలు ఒకే గీత మీద పడతాయి.

ఇంకో మాట సార్. స్కోర్లన్నీ సగమైతే బొమ్మ వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. కొలతల క్రమం మార్చినా, అవే స్కోర్లకు వైశాల్యం మారొచ్చు. అందుకే క్రమం ఒకసారి ఖాయం చేశాక సీజన్ అయ్యేదాకా కదిలించకండి, ధర మాట్లాడే చోట బొమ్మ పక్కనే ఆరు అంకెలూ ఉంచండి.