వృద్ధి రేటు 76 శాతం వస్తోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

బీఏ సెకండియర్, నారాయణగూడ: పొద్దున్నుంచి ఈ ఒక్క లెక్కతోనే కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. రేపు మధ్యాహ్నంలోగా ప్రాజెక్టు ఇవ్వాలి. 2005-06 నుంచి 2013-14 వరకు మన దేశ వాస్తవ జీడీపీ (ధరల పెరుగుదల తీసేసి చూసే జీడీపీ) వృద్ధి రేటు, టేబుల్, గ్రాఫు. 2011-12 దాకా బాగానే వచ్చింది. 2012-13కి మాత్రం 76 శాతం చూపిస్తోంది! గ్రాఫులో గీత అక్కడ నిలువునా లేచి, మళ్లీ కింద పడుతోంది. స్థిర ధరల అంకెలే తీసుకున్నా. క్యాలిక్యులేటర్‌లో చేశా, ఎక్సెల్‌లో చేశా, అదే వస్తోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పీజీ, తార్నాక: అంకెలు పెట్టు.

బీఏ సెకండియర్, నారాయణగూడ: ఈ ఏడాది జీడీపీలోంచి పోయినేడాది జీడీపీ తీసేసి, వచ్చినదాన్ని పోయినేడాది జీడీపీతో భాగించి, నూరుతో గుణించా అన్నా. ఇదే కదా ఫార్ములా?

పీజీ, తార్నాక: ఫార్ములా అడగలే. ఆ రెండేళ్ల అంకెలు ఎంత, ఎక్కడివి?

రిటైర్డ్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్: బాబూ, ఈ అవస్థ నీ ఒక్కడిదే కాదు. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లలకు లెక్కలు పదో తరగతితోనే సరి. డిగ్రీలో చేరగానే ఉపాంత వ్యయం, ఉపాంత రాబడి, అంటే ఇంకొక్క యూనిట్‌కి అయ్యే ఖర్చు, వచ్చే రాబడి అని మొదలుపెడతాం. అవకలనం (డిఫరెన్షియేషన్) తెలియకుండా ఉపాంతం ఎలా అర్థమవుతుంది? నిర్వచనం బట్టీ పట్టి రాస్తారు. రేఖ వాలు ఎందుకు అలా ఉందని అడిగితే నోరు పెగలదు. బీఏ మొదటి సెమిస్టర్‌లోనే ఎకనామిక్స్ పిల్లలందరికీ గణితం పేపరు పెట్టాలని నేను ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. సూచీ సంఖ్యలు, శాతాలు, లాగరిథమ్‌లు, ఈ మూడూ చేత్తో చేయించాలి. ఎక్సెల్ ఆ తర్వాతే.

బీఏ సెకండియర్, నారాయణగూడ: సార్, రేపు సబ్మిషన్ సార్.
2011-12కి సుమారు 52.4 లక్షల కోట్లు, 2012-13కి 92.13 లక్షల కోట్లు. మొదటిది పుస్తకంలోది, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా. పాత ఏళ్లన్నీ అందులోవే. 2012-13, 2013-14 అందులో లేవు, అందుకే కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్ నుంచి తీసుకున్నా. రెండు చోట్లా ‘స్థిర ధరలు’ అనే ఉంది.

పీజీ, తార్నాక: ఏ ఏడాది స్థిర ధరలు? టేబుల్ పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడు.

బీఏ సెకండియర్, నారాయణగూడ: పుస్తకంలో 2004-05. వెబ్‌సైట్‌లో 2011-12.

పీజీ, తార్నాక: అదే సంగతి. 2015 జనవరిలో ఆధార సంవత్సరం, అంటే ఏ ఏడాది ధరల్లో లెక్క కడతారో ఆ ఏడాది, 2004-05 నుంచి 2011-12కి మారింది. 52.4 అనేది 2004-05 నాటి ధరల్లో కట్టింది, 92.13 అనేది 2011-12 ధరల్లో కట్టింది. నీ 76 శాతంలో ఎక్కువ భాగం ఆ మధ్యలో పెరిగిన ధరలే. ఉత్పత్తి కాదు.
ఇంకో మెలిక ఉంది. పాత పుస్తకాల్లో జీడీపీ అంటే ఉత్పత్తి కారకాల ఖర్చు దగ్గర కట్టింది, పరోక్ష పన్నులు కలవవు. 2015 నుంచి హెడ్‌లైన్ జీడీపీ మార్కెట్ ధరల్లో ఇస్తున్నారు, పన్నులు కలుస్తాయి, సబ్సిడీలు పోతాయి. పాతదానికి దగ్గరగా ఉండేది ప్రాథమిక ధరల దగ్గరి జీవీఏ (స్థూల జోడింపు విలువ). కొత్త శ్రేణిలో ఆ వరుస తీసుకో: 2011-12కి 81.07, 2012-13కి 85.46 లక్షల కోట్లు. ఇప్పుడు చెయ్.

బీఏ సెకండియర్, నారాయణగూడ: 5.4 వచ్చింది!! మరి 2005-06 నుంచి ఉన్నవి ఏం చేయాలి అన్నా? ఒకే గ్రాఫులో ఉండాలన్నారు.

పీజీ, తార్నాక: 2011-12 రెండు శ్రేణుల్లోనూ ఉంది కదా. 81.07ని 52.4తో భాగిస్తే సుమారు 1.55. పాత ఏళ్లన్నిటినీ దాంతో గుణించు, గీత అతుక్కుంటుంది. కాకపోతే పాత వృద్ధి రేట్లు అలాగే ఉంటాయి, లెవెల్ ఒక్కటే మారుతుంది. ఆ మాట టేబుల్ కింద రాయి. అంతకంటే మంచిది, 2018 నవంబరులో 2004-05 నుంచి వెనకటి ఏళ్లకు కూడా కొత్త పద్ధతిలో కట్టి విడుదల చేశారు. అది దొరికితే అతుకే అక్కర్లేదు.

గ్రూప్స్ ప్రిపరేషన్, అశోక్‌నగర్: అసలు ఆ కొత్త శ్రేణినే ఎంతవరకు నమ్మాలో తమ్ముడికి ఎవరూ చెప్పరేం? 2013-14కి పాత లెక్కలో 4.7, కొత్త లెక్కలో 6.9. రాత్రికి రాత్రి 2.2 శాతం పెరిగింది. ప్రధాన ఆర్థిక సలహాదారుగా పనిచేసిన అరవింద్ సుబ్రమణియన్ 2019లో రాసిన పేపర్లో 2011-12 నుంచి 2016-17 వరకు అసలు వృద్ధి 7 కాదు, 4.5 దరిదాపుల్లో ఉండాలన్నారు. ప్రాజెక్టులో ఇది లేకపోతే వైవాలో దొరికిపోతావు.

రిటైర్డ్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్: 2.2 శాతం కాదు, 2.2 శాతం పాయింట్లు. 4.7 మీద 6.9 అంటే సుమారు 47 శాతం ఎక్కువ. గ్రూప్స్ రాసేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

గ్రూప్స్ ప్రిపరేషన్, అశోక్‌నగర్: పేపర్లలో అందరూ శాతం అనే రాస్తారు సార్. విషయం అర్థమైతే చాలు కదా.

రిటైర్డ్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్: చాలదు. వడ్డీ రేటు 6 నుంచి 6.5కి పెరిగితే అర శాతం పెరిగిందా, 8 శాతం పెరిగిందా? అప్పు తీసుకున్నవాడి కిస్తీ దాన్నిబట్టే మారుతుంది. పత్రికలు తప్పు రాస్తే మనమూ రాయాలా?

పీజీ, తార్నాక: సుబ్రమణియన్ పేపరుకి ప్రభుత్వం వైపు నుంచి జవాబులు కూడా వచ్చాయి. రెండూ చదవకుండా ఒక్కటే రాస్తే వైవాలో ఇంకా ఇరుక్కుంటాడు. సెకండియర్ ప్రాజెక్టుకి అంత అక్కర్లేదు.

గ్రూప్స్ ప్రిపరేషన్, అశోక్‌నగర్: అక్కర్లేదంటే ఎలా? ఎకనామిక్స్ చదివేవాడే అంకెని ప్రశ్నించకపోతే ఇంకెవరు ప్రశ్నిస్తారు?

బీఏ సెకండియర్, నారాయణగూడ: 2018 టేబుల్ దొరికింది అన్నా, గ్రాఫు సరిగ్గా వచ్చింది. థాంక్స్. జిరాక్స్ షాపు మూసేలోపు ప్రింట్ తీసుకోవాలి.

రిటైర్డ్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్: గ్రాఫు కింద ఆధార సంవత్సరం రాశావా బాబూ?