పాత కోడ్‌లో కలెక్టర్స్.టులిస్ట్() అంతా మార్చేయాలా?

ప్రశ్న అడిగినవారు:
మా ప్రాజెక్టు జావా 8 నుంచి 17కి మారింది. స్ట్రీమ్‌లో (వరుసగా వచ్చే డేటాలో) ఉన్నవాటిని లిస్ట్‌గా పోగుచేయడానికి కలెక్ట్(కలెక్టర్స్.టులిస్ట్()) అని రాసిన ప్రతిచోటా ఐడీఈ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) పసుపు గీత పెట్టి, నేరుగా .టులిస్ట్() రాసుకోమంటోంది. దాదాపు మూడు వందల చోట్ల ఉంది. అన్నీ ఒకేసారి మార్చేయమని మా లీడ్ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

మొదటి సభ్యుడు:
మార్చేయండి. జావా 16లో, అంటే 2021లోనే వచ్చింది ఈ .టులిస్ట్(). చదవడానికి హాయిగా ఉంటుంది. పైగా అది ఇచ్చే లిస్ట్‌లో ఎవరూ వేలు పెట్టలేరు, అంటే తర్వాత మార్చలేరు. స్ట్రీమ్ నుంచి ఒకసారి పోగుచేశాక ఆ డేటాను మళ్ళీ కెలకకపోవడమే కదా ఫంక్షనల్ పద్ధతి!

రెండో సభ్యురాలు:
కెలకకూడదు, నిజమే. కానీ పాత కోడ్ కెలుకుతోందే! మా టీమ్‌లో ఇలాగే ఒక్క దెబ్బతో మార్చేశాం. కంపైల్ అయింది, టెస్టులు పాసయ్యాయి. ఎక్కడో మూడు మెథడ్‌ల (కోడ్‌లో ఒక్కో పని చేసే భాగాల) అవతల ఒకరు ఆ లిస్ట్ మీద, దాన్ని వరుసలో పెట్టే సార్ట్() పిలుస్తున్నారు. ఆ దారికి టెస్టే లేదు. నెలాఖరు రిపోర్టు రోజు అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ (ఈ పని కుదరదనే ఎర్రర్) వచ్చి మొత్తం ఆగిపోయింది. ఆ రాత్రంతా మాకు నిద్ర లేదు.

మొదటి సభ్యుడు:
కలెక్టర్స్.టులిస్ట్() మార్చుకోదగ్గ లిస్టే ఇస్తుందని డాక్యుమెంటేషన్ ఎన్నడూ మాట ఇవ్వలేదండీ. దాన్ని నమ్ముకుని రాయడమే తప్పు.

రెండో సభ్యురాలు:
మాట ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. కానీ 2014లో జావా 8 వచ్చినప్పటి నుంచి చేతికి వస్తున్నది అరేలిస్టే, అంటే మార్చుకోదగ్గ లిస్టే. జనం అలవాటుపడ్డారు. తప్పు వాళ్ళదే అయినా ప్రొడక్షన్‌లో పడేది మన కోడే కదా. అందుకే లిస్ట్ ఎటు పోతోందో చూసి మార్చమంటాను. తర్వాత ఏదైనా చేర్చాల్సిన చోట కలెక్టర్స్.టుకలెక్షన్(అరేలిస్ట్::న్యూ) అని రాయండి. అప్పుడు మన ఉద్దేశం చదివేవాళ్ళకి కనిపిస్తుంది. ఇంకొకటి, జావా 10లో వచ్చిన, ఇలాగే మార్చలేని లిస్ట్ ఇచ్చే టుఅన్‌మాడిఫయబుల్‌లిస్ట్()ను దీనితో కలపకండి. లోపల ఒక్క నల్ (ఖాళీ విలువ) ఉన్నా అది నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసురుతుంది. .టులిస్ట్() మాత్రం నల్‌ని రానిస్తుంది.

మొదటి సభ్యుడు:
నల్ సంగతి నేను పట్టించుకోలేదు, మంచి మాట చెప్పారు. అయినా కొత్త కోడ్‌లో మాత్రం .టులిస్ట్() తప్ప ఇంకోటి రాయనివ్వను.

రెండో సభ్యురాలు:
కొత్త కోడ్ విషయంలో మనకి గొడవే లేదండీ.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థ్యాంక్స్. మెథడ్ దాటి బయటికి పోని లిస్టులు ఈ వారం మారుస్తాను. బయటికి పోయేవి ఒక్కొక్కటీ చూసి, టెస్ట్ రాశాకే ముట్టుకుంటానని లీడ్‌కి చెప్పాను. సరేనన్నారు.