పొలం గట్ల మీది కలుపు మొక్కల్లో మీరు మందుగా వాడి చూసినవి ఏవి?

కోవూరు రైతుబిడ్డ: మొన్న గట్లు చెక్కిస్తుంటే మా అమ్మ వచ్చి గుంటగలగర మొక్కలన్నీ విడిగా ఏరించింది. ఆకు దంచి రసం తీసి, నువ్వుల నూనెలో చెమ్మ పోయేదాకా కాచి తలకు పెడుతుంది. నాకు తెలిసింది ఇదొక్కటే. మీ ఇళ్లలో ఏవి వాడతారు? స్వయంగా వాడి చూసినవే రాయండి.

కొండపి పొగాకు రైతు: గడ్డి చామంతి. కలుపు తీస్తుంటే కొడవలి వేలికి తగిలింది. పక్క సాలులోని పెద్దమ్మ ఆకు నలిపి రసం పిండి అదిమిపట్టింది, కాసేపటికే రక్తం ఆగింది. అయినా తుప్పు పట్టిన కొడవలి కదా, సాయంత్రం ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఆ పని ఆకు చేయలేదు.

ఆత్మకూరు నుంచి: నేల ఉసిరి గురించి నా బాధ చెప్పాలి. నాన్నకు కళ్లు పచ్చబడితే కామెర్లే అనుకుని, రోజూ పరగడుపున నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చాం. పది రోజులు పోయాయి. ఒళ్లంతా దురద, జ్వరం. స్కానింగ్ తీస్తే పిత్తనాళంలో రాయి! ఆ పది రోజులు తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఒంగోలు ఫార్మసిస్టు: మీ తప్పు కాదన్నా, ఊరంతా అదే చెబుతుంది. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం ఆకుకు వస్తుంది. 1988లో హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్) ఉన్నవారికి నేల ఉసిరి పొడి ఇచ్చి చేసిన మద్రాసు పరిశోధన లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, ఫలితం ఆశాజనకంగా ఉంది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి.

బుచ్చిరెడ్డిపాలెం అక్క: గలిజేరు విషయంలోనూ జాగ్రత్త. కిడ్నీలకు మంచిదని ఎవరో చెబితే మా వదిన రోజూ పప్పులో వేసింది. ఆమెకు అప్పటికే కిడ్నీలో రాళ్లున్నాయి. గలిజేరులో, పాయలకూరలో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లు కట్టే లవణాలు) ఎక్కువ, రాళ్లున్నవారికి మంచివి కావని డాక్టరు ఆపించారు. పైగా కండగల ఆకుల తెల్ల గలిజేరు వేరు, ఆయుర్వేదంలో వేళ్లను మందుగా వాడే అటికమామిడి వేరే మొక్క. మా సంతలో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నారు.

కొండపి పొగాకు రైతు: ఒక్క మాట మరిచాను. గ్లైఫోసేట్ అనే కలుపుమందు చల్లిన గట్టు మీద కొన్ని రోజుల దాకా ఆకు పచ్చగానే ఉంటుంది, చూస్తే తెలియదు. ఎవరి గట్టు మీదిదైనా కోసే ముందు ఆ రైతును అడగండి. బలురక్కసి జోలికి అసలు పోవద్దు. దాని గింజలు ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని ఎందరో చనిపోయారు.

కోవూరు రైతుబిడ్డ: కాలువ వైపు గట్టుకు ఈసారి మందు కొట్టవద్దని తమ్ముడికి చెప్పాను. ఆత్మకూరు అన్నా, నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

ఆత్మకూరు నుంచి: రాయి తీసేశారు తమ్ముడూ. నిన్న నారుమడి దగ్గరకు నడిచి వెళ్లారు.