పనావిడకి మిగిలిన వంట ఇవ్వడం తప్పా?

లక్ష్మి_నిజాంపేట
ఆదివారం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ చేశాం. వాన పడి సగం మంది రాలేదు. గుత్తివంకాయ, పులిహోర, సాంబారు గిన్నెలకు గిన్నెలు మిగిలిపోయాయి. పక్క ఫ్లాట్ల వాళ్ళకి పంచాను, ఫ్రిజ్‌లో పట్టినంత సర్దాను. సోమవారం పనావిడ వస్తే కవర్లలో కట్టి ఇచ్చాను. "వద్దమ్మా, మా ఇంట్లో తినరు" అని మొహం మీదే అనేసింది. పండక్కి చీర, పిల్లలకి బట్టలు, ఏది చేసుకున్నా కాస్త పెట్టడం, ఇదంతా ఎప్పటినుంచో ఉన్నదే. ఎప్పుడూ కాదనలేదు. చివరికి అంతా సింకులో పారబోశాను, మనసు ఉసూరుమంది. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారు? ఇలా ఇవ్వడం తప్పా అసలు?

వంటింటి_కబుర్లు
మా ఇంట్లోనూ ఇదే వరస. ఇవ్వకపోతే పిసినారి అంటారు, ఇస్తే పాచిది అంటారు.

పెద్దాయన_కాకినాడ
తప్పేమిటమ్మా? అన్నం పరబ్రహ్మ స్వరూపం. మీరు ప్రేమగా ఇచ్చారు, ఆవిడ కాదంది, ఆ లోటు మీది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదారి దాటి వచ్చిన ప్రతివాడికీ కులగోత్రాలు అడక్కుండా అన్నం పెట్టారు. 1909లో పోయిన మనిషి పేరు 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టుకున్నారంటే అన్నం పెట్టిన చేతికి ఉన్న విలువ అది. ఈ కాలంలో పుచ్చుకునేవాళ్ళకి కృతజ్ఞత లేదు. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ప్యూను కుర్రాడికి మా ఇంటినుంచి రోజూ క్యారేజీలో మిగిలింది పంపేవాణ్ణి. ఒక్కరోజూ వద్దనలేదు.

సుభాషిణి
లక్ష్మి గారూ, ఒక్క ప్రశ్న. ఫంక్షన్ ఆదివారం మధ్యాహ్నం. మీరిచ్చింది సోమవారం. అంటే ఆ సాంబారు నిన్నటిది. మీరు సోమవారం అదే తిన్నారా?

లక్ష్మి_నిజాంపేట
ఫ్రిజ్‌లో పెట్టిందేనండీ. పాడైంది ఇస్తామా? మా ఆయన సోమవారం ఆఫీసుకి ఆ పులిహోరే పట్టుకెళ్ళారు.

సుభాషిణి
పులిహోర సరే. సాంబారు?

లక్ష్మి_నిజాంపేట
సాంబారు మా ఇంట్లో మర్నాటికి ఎవరూ తినరు. అది మా అలవాటు, అంతే.

సుభాషిణి
సరిపోయింది. మీ ఇంట్లో తినరు, వాళ్ళ ఇంట్లోనూ తినరు. మీకున్న అలవాటు వాళ్ళకి ఉండకూడదా?

పెద్దాయన_కాకినాడ
సుభాషిణి గారూ, మాటకి మాట బాగానే ఉంది. కానీ ఆకలి వేరు, అలవాటు వేరు. ఉన్నవాడికి అలవాట్లుంటాయి.

సుభాషిణి
ఆవిడకి ఆకలిగా ఉందని మీకెవరు చెప్పారు? నాలుగిళ్ళలో పని చేసుకుని సంపాదించుకుంటోంది. పనిచేసే మనిషికీ, గుడి మెట్ల దగ్గర చెయ్యిచాచే మనిషికీ తేడా లేదా? పైగా సీతమ్మ గారి పేరెందుకు ఎత్తారు? ఆవిడ వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టేవారని చెప్పుకుంటారు. ఫ్రిజ్ ఖాళీ చేసుకోవడం కోసం పెట్టలేదు.

పన్ను_పురాణం
ఇలా ఇంట్లో ఇచ్చేదానికి దేనికీ 80జి, అంటే విరాళాలకి ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు, రాదు, గమనించండి. వస్తురూపంలో ఇచ్చినదానికి అసలే రాదు. ఇవ్వాలనుకుంటే గుర్తింపు ఉన్న ట్రస్టుకి ఇవ్వండి, అదీ చెక్కు ద్వారానో యూపీఐ ద్వారానో. నగదుగా 2000 రూపాయలు దాటితే మినహాయింపు పోతుంది.

వంటింటి_కబుర్లు
సాంబారుకి 80జి ఏంటి స్వామీ.

డాలస్_రవి
ఇక్కడ అమెరికాలో, పేదలకి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకులో ఇంట్లో వండింది ఇస్తామంటే తీసుకోరు. సీలు తియ్యని డబ్బాలే, వాటికీ తేదీ చూస్తారు. మనం ఏమీ ఫీలవ్వం, రూల్ అనుకుంటాం. అదే మాట పనావిడ అంటే మనకి పొగరులా వినిపిస్తుంది. ఇంకోటి. నేను ఇండియా వచ్చినప్పుడల్లా పెట్టెనిండా పిల్లల పాతబట్టలు తెచ్చేవాణ్ణి. అందులో సగం మంచు కోట్లు. కాకినాడ ఎండలో మంచు కోటు ఎవరు వేసుకుంటారు? మా అత్తయ్యే చెప్పింది, ఆ పెట్టె మోసే బదులు నువ్వు బట్టలిచ్చే పిల్లాడి స్కూలు ఫీజు కట్టరా అని. ఇప్పుడు నేరుగా స్కూలు ఖాతాకే పంపిస్తున్నా.

నల్గొండ_నర్సింగ్
చాలాసేపటి నుంచి చదువుతున్నా. అందరూ సాంబారు దగ్గరే ఆగిండ్రు. లక్ష్మి గారూ, మీ పనావిడకి జీతం ఎంత? ఆఖరుసారి ఎప్పుడు పెంచిండ్రు?

లక్ష్మి_నిజాంపేట
దానికీ దీనికీ సంబంధం ఏంటండీ? అందరూ ఇచ్చేదే మేమూ ఇస్తున్నాం.

శ్రీను_కూకట్‌పల్లి
మా అమ్మ ఇలాగే నాలుగిళ్ళలో చేస్తుంది, అందుకని రాస్తున్నా. పొద్దున ఆరింటికి మొదటి ఇల్లు. ఆఖరి ఇల్లయ్యి మా ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మొదటి ఇంట్లో ఇచ్చిన కవరు మిగతా ఇళ్ళకి మోసుకుంటూ తిరగాలి. ఆ కవరు లోపలికి తెస్తే కొందరు ఒప్పుకోరు, చెప్పుల స్టాండ్ దగ్గర పెట్టమంటారు. ఎండాకాలంలో ఇంటికొచ్చేలోగా సాంబారు నురగ కట్టేస్తుంది. వద్దంటే ఇచ్చినవాళ్ళకి కోపం. అందుకని తీసుకుని దారిలో పారేస్తుంది. నిజంగా ఇవ్వాలంటే ముందురోజే అడగండి, లేకపోతే కూర్చోబెట్టి అక్కడే వేడిగా పెట్టండి. ఒక ఇంట్లో ఆంటీ అలాగే పెడతారు. వాళ్ళు తినే కంచంలోనే. ఆ ఇంట్లో మా అమ్మ ఎప్పుడూ వద్దనదు.

పెద్దాయన_కాకినాడ
నర్సింగ్ గారూ, జీతం సంగతి వేరు, దానం సంగతి వేరు. రెండూ కలిపితే దానం అనేదే మిగలదు. జీతం ఒప్పందం. పెట్టుపోతలు మనసు. నేను చెప్పేది అనుభవంతో. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. కాకినాడలో వారాలు చేసుకుని ఎస్సెల్సీ చదివాను. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నా, వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. ఏడు రోజులు, ఏడు ఇళ్ళు. ఆ ఏడుగురు తల్లులూ లేకపోతే నేను లేను. వాళ్ళు ఏది పెడితే అది కళ్ళకద్దుకుని తిన్నాను. పుచ్చుకోవడంలో నామోషీ ఏముంది?

సుభాషిణి
మంచిది. ఆ ఇళ్ళలో మీకెక్కడ పెట్టేవారు?

పెద్దాయన_కాకినాడ
వాళ్ళ పిల్లల పక్కనే పీట వేసి. వాళ్ళు తినేదే. నెయ్యి కూడా అంతే వేసేవారు.

సుభాషిణి
మరి మీ ప్యూను కుర్రాడు మీ ఇంట్లో ఎన్నడైనా మీ పక్కన కూర్చుని తిన్నాడా?

పెద్దాయన_కాకినాడ
ఆఫీసుకి క్యారేజీ పంపేవాణ్ణి అన్నాను కదా. ఇంటికెందుకు వస్తాడు? మీరు మాట పట్టుకుని లాగుతున్నారు. ఏడిళ్ళూ ఒకేలా ఉండేవనుకున్నారా? గురువారం ఇల్లు ఒకటుండేది. అందరూ తిన్నాక వసారాలో కూర్చోబెట్టి ముందురోజు అన్నంలో మజ్జిగ పోసి పెట్టేవారు. ఆవకాయ ముక్క అడిగితే ఊట వేసేవారు. అయినా తిన్నాను. మాట అనలేదు. అదీ సంస్కారం అంటే.

సుభాషిణి
అరవై ఏళ్ళ తర్వాత కూడా మీకు ఆ ఆవకాయ ఊట గుర్తుంది. మిగతా ఆరిళ్ళలో ఏ రోజు ఏ కూర పెట్టారో గుర్తుందా?

పెద్దాయన_కాకినాడ
అమ్మాయీ, నువ్వు నా మనవరాలి వయసుదానివై ఉంటావు. పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి అది కాదు.

నల్గొండ_నర్సింగ్
బాబాయ్ గారూ, కోపం తెచ్చుకోకుండ్రి. నాదీ ఒక మాట. ఆ ఏడిళ్ళలో మా నాయన లాంటోడికి వారం దొరికేదా? మా నాయన గూడ చదువుదామనుకున్నడు. హాస్టల్ సీటు రాలె, చదువు ఆగిపోయింది. మీకు పీట వేసిండ్రంటే, మీరు వాళ్ళలో ఒకరని వేసిండ్రు. మా ఊర్ల మాకూ అన్నం పెట్టిండ్రు, కాదనను. కాకపోతే గడప బయట, పైనుంచి దోసిట్ల పోసిండ్రు. రెండూ అన్నమే. రెండిటికీ ఒకటే కృతజ్ఞత అడిగితే ఎట్ల?

నిర్వాహకుడు
కులం గొడవల్లోకి వెళ్ళొద్దని మనవి. అంశం మీదే ఉండండి.

నల్గొండ_నర్సింగ్
ఎవరి కులం పేరూ నేను ఎత్తలేదు. ఎక్కడ కూర్చోబెట్టిండ్రు అన్నదే అడిగిన. అంశం అదే.

డాలస్_రవి
ఇది నిజం. తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. కోటీశ్వరుడైనా కూలీ అయినా ఒకటే వరస, ఒకటే పప్పు. అక్కడ ఉచితంగా తింటున్నామని ఎవరూ తలదించుకోరు.

వంటింటి_కబుర్లు
అక్కడ పెట్టేది స్వామి కాబట్టి.

నల్గొండ_నర్సింగ్
హైదరాబాద్‌ల 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది, ఆంధ్రల అన్న క్యాంటీన్లూ ఐదే. ఆ ఐదుతోని భోజనం ఖర్చంతా రాదు. అయినా ఆ ఐదు ఇస్తే లైన్ల నిలబడ్డోడు "కూర ఇంకొంచెం వెయ్యి" అని అడుగుతడు. ఫ్రీ అయితే అడగడు. నా లెక్క అదే. మనిషి అడిగేటట్టు ఇయ్యాలె.

పెద్దాయన_కాకినాడ
అంటే ఇకనుంచి ఇచ్చేవాడు పుచ్చుకునేవాణ్ణి మెనూ అడగాలన్నమాట. ఇచ్చేవాడికి ఏది ఉంటే అది ఇస్తాడు. కర్ణుడు కవచం ఇచ్చాడు, ఆయన దగ్గర అది ఉంది.

సుభాషిణి
ఇంద్రుడు కావాలని అడిగింది ఇచ్చాడండీ. తనకి అక్కర్లేనిది ఇవ్వలేదు. మీ ఉదాహరణలన్నీ నావైపే వస్తున్నాయి.

పన్ను_పురాణం
ఇందాక చెప్పడం మరిచాను. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 80జి వర్తించదు. చాలామంది రసీదులు దాచుకుంటున్నారు, దండగ.

లక్ష్మి_నిజాంపేట
అందరూ నా సాంబారుని పట్టుకుని ఊరేగించారు. సంతోషం. నర్సింగ్ గారూ, మీరు జీతం అడిగారు కదా, చెప్తాను. దసరాకి ముందు ఐదొందలు పెంచమంది. చూద్దాం అన్నాను. మా ఆయన కంపెనీలో రోజూ ఎవరో ఒకర్ని తీసేస్తున్నారు, ఇంటి లోను ఈఎంఐ నెల తిరిగేసరికి నెత్తిమీద ఉంటుంది. ఆ టెన్షన్ మీకెవరికీ తెలియదు. ఫంక్షన్ కూడా మా అత్తగారి పోరు పడలేక చేశాం. నా దగ్గర ఐదొందలు లేవు, సాంబారు ఉంది. ఉన్నదాంట్లోంచి ఇచ్చాను. మీరంతా కలిసి నన్ను గయ్యాళిని చేశారు.

సుభాషిణి
నెలకి ఐదొందలు లేని ఇంట్లో ఫంక్షన్...

వంటింటి_కబుర్లు
సుభాషిణి గారూ, ఆపండి. మన ఇళ్ళల్లో ఫంక్షన్లు మనం అనుకుని చేస్తామా?

నల్గొండ_నర్సింగ్
లక్ష్మి గారూ, మీరు గయ్యాళి అని ఎవరూ అనలే. కాని గిదే నేను మొదటినుంచి వెతుకుతున్నది. ఆమె "తినరు" అన్నది సాంబారు గురించి కాకపోవచ్చు. ఆమె అడిగింది ఒకటి, మీరు ఇచ్చింది ఇంకొకటి. "చూద్దాం" అన్నాక ఏదైనా చెప్పిండ్రా? లేవు అంటే లేవు అని?

లక్ష్మి_నిజాంపేట
ఏమని చెప్పమంటారు? మా ఆయన ఉద్యోగం సంగతి పనావిడతో చెప్పుకోవాలా? అది వెళ్ళి ఫ్లాట్‌ఫ్లాట్‌కీ చెప్తుంది.

పెద్దాయన_కాకినాడ
అదీ మాట. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి.

సుభాషిణి
ఆవిడ ఇంట్లో ఏం వండుకున్నారో, మొగుడు తాగొచ్చాడో లేదో, పిల్లల ఫీజు కట్టారో లేదో అన్నీ మనకి తెలియాలి. తెలిస్తేనే జాలిపడి చీర ఇస్తాం. మన కష్టం మాత్రం ఆవిడకి తెలియకూడదు. నాకు ఇక్కడే నచ్చదు. సాంబారు పులిసిందా లేదా అన్నది నాకు అక్కర్లేదు.

లక్ష్మి_నిజాంపేట
మొదటి నుంచీ సాంబారు అడిగింది మీరే కదండీ!

శ్రీను_కూకట్‌పల్లి
డబ్బు లేకపోతే వేరే పనులున్నాయి మేడం. మానేసిన రోజులకి జీతం కొయ్యకండి. ఒకటో తారీఖునే ఇవ్వండి, మా అమ్మకి పదో తారీఖు ఇచ్చే ఇల్లుంది, చిట్టీ కట్టడానికి ప్రతి నెలా వడ్డీకి తెస్తుంది. మీరు ఊరెళ్తే ఆ వారం జీతం ఆపకండి. దేనికీ అదనంగా ఖర్చు లేదు.

లక్ష్మి_నిజాంపేట
ఒకటో తారీఖునే ఇస్తాను బాబూ. జీతం ఎప్పుడూ కొయ్యలేదు. ఊరెళ్ళినప్పుడు మాత్రం... చూద్దాంలే.

నల్గొండ_నర్సింగ్
ఇంకోటి గూడ ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంల ప్రాణం పోతే ఇంటోళ్ళకి 2 లక్షలు వస్తయి. 18 నుంచి 70 ఏళ్ళ లోపు, బ్యాంకు ఖాతా ఉన్న ఎవరికైనా. పొద్దున చీకట్ల రోడ్డు దాటి వచ్చేటోళ్ళకి అది అవసరం. మా అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లకి, పనోళ్ళకి దగ్గరుండి ఫారం నింపించిన. చాలామందికి అసలు అట్లాంటిది ఉందనే తెలియదు.

పెద్దాయన_కాకినాడ
ఇది మంచి సంగతి. నేను బ్యాంకులో ఉండగా ఇలాంటివి లేవు. అయితే ఒకటి. ఖాతాలో మే నెలాఖరుకి ఆ డబ్బు ఉండేలా చూడాలి. ఏటా జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. ఖాతా ఖాళీగా ఉంటే కట్ అవ్వదు, బీమా పోతుంది. ఫారంలో నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

సుభాషిణి
ఇప్పటిదాకా మీరు రాసిన వాటిలో ఇదొక్కటే నాకు పనికొచ్చింది బాబాయ్ గారూ.

పెద్దాయన_కాకినాడ
గురువారం ఇల్లు కూడా పనికొచ్చింది నీకు. బాగానే వాడుకున్నావు.

లక్ష్మి_నిజాంపేట
మా పనావిడ ఖాతా వాళ్ళ ఊళ్ళో బ్యాంకులో ఉందట. శ్రీకాకుళం దగ్గర. ఇక్కడ చేయించొచ్చా, అక్కడికే వెళ్ళాలా?

నల్గొండ_నర్సింగ్
అదే బ్యాంకు బ్రాంచి హైదరాబాద్‌ల ఉంటే ముందు అక్కడ అడగండి. పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని మీరే వెంట వెళ్ళండి, ఒక్కర్తినే పంపితే కౌంటర్ కౌంటర్ తిప్పుతరు.

పన్ను_పురాణం
ఆ 20 రూపాయలకి కూడా మీకు మినహాయింపు రాదు.