ప్రతిపక్ష ఎమ్మెల్యే వేసే ప్రశ్నతో చిన్న పరిశ్రమ బకాయి కదులుతుందా?

టోకెన్_నంబర్

అసెంబ్లీ మొదలైనప్పుడల్లా ఇదే వాదన. చిన్న పరిశ్రమలకు రావాల్సిన ప్రోత్సాహకాలు, శాఖలకు సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు, కరెంటు కనెక్షన్ల జాప్యం: వీటి మీద ప్రతిపక్ష సభ్యుడు ప్రశ్న వేస్తే ఏమైనా ఒరుగుతుందా, వాయిదా తీర్మానం (మిగతా పని ఆపి ఈ విషయమే చర్చించాలన్న నోటీసు) ఇచ్చి పోడియం దగ్గరికి వెళ్తేనే ప్రభుత్వం వింటుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ కుర్చీలో ఉన్నా అడగాల్సిన సంగతే ఇది.

నా మటుకు ప్రశ్నకే బలం ఎక్కువ. కానీ రాసే తీరులోనే దాన్ని చేజార్చుకుంటున్నారు. మామూలుగా ఇలా రాస్తారు: ‘(అ) రాష్ట్రంలో చిన్న పరిశ్రమలు సంక్షోభంలో ఉన్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే, తీసుకున్న చర్యలేమిటి?’ జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. (అ)కు ‘లేదండీ’. (ఆ)కు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’. మంత్రి అబద్ధం ఆడినట్టు కూడా కాదు, ఎందుకంటే సంక్షోభానికి కొలత లేదు. ‘వాస్తవమేనా’ అనే తలుపు మనమే తెరిచి పెట్టాం, ఆయన అందులోంచి బయటికి వెళ్లిపోయాడు.

అదే ప్రశ్నను అంకె అడిగేలా రాస్తే తప్పించుకునే సందు ఉండదు: ‘మార్చి 31 నాటికి సూక్ష్మ, చిన్న సంస్థలకు మంజూరై ఇంకా ఖాతాలో పడని ప్రోత్సాహకాల మొత్తం ఎంత, జిల్లాల వారీగా, మంజూరైన సంవత్సరాల వారీగా?’ దీనికి ‘లేదండీ’ అని జవాబు రాయలేరు.

గ్యాలరీ_పాస్

టోకెన్_నంబర్ గారూ, రాత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రశ్న సభలో నోటిదాకా వస్తేనే కదా? చుక్క గుర్తు ప్రశ్నకు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) ఉన్న విలువంతా అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మంత్రి చదివిన జవాబు మీద అక్కడికక్కడే లేచి ‘ఇందులో మూడేళ్లు దాటినవి ఎన్ని’ అని అడగాలి. మొదటి పది నిమిషాల్లో గొడవై సభ వాయిదా పడితే మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబులు బల్లపై పెట్టినట్టే భావిస్తారు. కాగితం మిగులుతుంది, అనుబంధ ప్రశ్న పోతుంది. లోక్‌సభలో కూడా రోజుకు 20 చుక్క గుర్తు ప్రశ్నలు జాబితాలో ఉంటే నోటి జవాబు దక్కేవి కొన్నే.

అందుకే వాయిదా తీర్మానాన్ని తీసిపారేయొద్దు. స్పీకర్ తిరస్కరిస్తారని అందరికీ తెలుసు. అయినా ఆ పూట పత్రికల్లో విషయం వస్తుంది, శాఖలో ఫైలు కదులుతుంది.

టోకెన్_నంబర్

పోగొట్టుకున్న ప్రశ్నలు కూడా ఆ గొడవలోనే పోయాయి కదండీ. తన సొంత సభ్యుడి ప్రశ్న నాలుగో స్థానంలో ఉన్న రోజున అదే పార్టీ మొదటి ప్రశ్న దగ్గరే పోడియం ఎక్కితే నష్టపోయింది ఎవరు? బకాయి కోసం ఎదురుచూస్తున్న యూనిట్. జిల్లాల వారీ లెక్క కావాలంటే చుక్క గుర్తు లేని ప్రశ్నే వేయమంటాను. జవాబు రాతపూర్వకంగా వస్తుంది, సభ నడిచినా నడవకపోయినా వస్తుంది. ఆ లెక్క చేతికొచ్చాక తర్వాతి సమావేశాల్లో నోటి ప్రశ్న వేయాలి. వరస అదీ.

వడ్డీ_లెక్క

మీరిద్దరూ సభ గడప దాటడం లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ఉంది. 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ సరుకు తీసుకున్న కొనుగోలుదారు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకోండి, మూడింతలు 16.5. పది లక్షల బిల్లు ఆలస్యమై ఏడాది గడిస్తే వడ్డీయే సుమారు 1.78 లక్షలు. శాఖ అయినా కొనుగోలుదారే.

ఇవతలి పక్క ఏం జరుగుతుందో చూడండి. పది లక్షల సరుకుకు 18 శాతం జీఎస్‌టీ, అంటే 1.8 లక్షలు. డబ్బు రాకపోయినా ఇన్‌వాయిస్ ఇచ్చిన నెల తర్వాతి నెలలోనే కట్టాల్సిందే, చాలామంది క్యాష్ క్రెడిట్ (రోజువారీ ఖర్చులకు బ్యాంకు ఇచ్చే అప్పు) ఖాతాలోంచి కడతారు. శాఖ ఆలస్యానికి ఆ యూనిట్ తన బ్యాంకు వడ్డీ కడుతోందన్నమాట. ఇక టర్మ్ లోను వాయిదా తప్పి 30 రోజులు దాటితే ఖాతా మీద ఒక హెచ్చరిక గుర్తు, 60 దాటితే ఇంకో గుర్తు, 90 దాటితే నిరర్థక ఆస్తి (ఎన్‌పీఏ). ఆ తర్వాత బిల్లు వచ్చినా కొత్త అప్పు పరిమితి ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతుంది. యూనిట్ మూతపడేది ఆర్డర్లు లేక కాదు, ఈ 90 రోజుల దగ్గర.

ఇలాంటి బకాయి వివాదాలు తేల్చడానికి ఈ చట్టం కిందే ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే 90 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందు జమ చేయాలి. ఇంత పదునైన ఆయుధం ఉండగా ఎమ్మెల్యే కోసం ఎదురుచూడటం ఎందుకు?

టోకెన్_నంబర్

ఆయుధం మంచిదే, పట్టుకోవడానికి భయం. అదే శాఖ నుంచి వచ్చే ఏడాది ఆర్డరు కావాల్సినవాడు ఆ శాఖ మీద కేసు వేయడు. కౌన్సిల్ అధ్యక్షుడు కూడా రాష్ట్ర పరిశ్రమల శాఖ అధికారే. ఇంకో రెండు గుంటలున్నాయి. కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఉద్యమ్ నమోదు (ఎంఎస్‌ఎంఈగా ప్రభుత్వ గుర్తింపు) ఇచ్చింది ప్రాధాన్య రంగ రుణాల కోసమే, ఈ 45 రోజుల రక్షణ కోసం కాదు. ఒప్పందం అయ్యాక నమోదు చేసుకుంటే పాత సరఫరాకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. ఆ అంశం 2025లో పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లిందనుకోండి, కానీ ఇవాళ టెండరు వేసేవాళ్లు ముందు నమోదు చేసుకుని, నంబరు ఇన్‌వాయిస్ మీద వేయడమే క్షేమం.

కేసు వేయలేనివాడి తరఫున పేరు బయటపెట్టకుండా అడగగలిగేది ఎమ్మెల్యే ఒక్కడే. ‘కౌన్సిల్ ఈ ఏడాది ఎన్నిసార్లు సమావేశమైంది, 90 రోజులు దాటిన దరఖాస్తులెన్ని, వాటిలో ప్రభుత్వ శాఖలూ కార్పొరేషన్లూ ప్రతివాదులుగా ఉన్నవెన్ని?’ ఇది కూడా సభలో వేయదగిన ప్రశ్నే.

ఖజానా_కిటికీ

ఇంతసేపూ ఎవరూ ముట్టని చోటు ఒకటుంది. తెలంగాణలో టీ-ఐడియా, టీ-ప్రైడ్ వంటి పరిశ్రమల ప్రోత్సాహక పథకాల కింద పెట్టుబడి రాయితీ, పావలా వడ్డీ, కరెంటు ఖర్చు వాపసు వంటివి జిల్లా కమిటీ గానీ రాష్ట్ర కమిటీ గానీ మంజూరు చేస్తుంది. చేతికి ఉత్తర్వు వస్తుంది. అది డబ్బు కాదు. తర్వాత బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి. తర్వాత బిల్లు ఖజానాకు వెళ్లి టోకెన్ (చెల్లింపు వరస నంబరు) పడాలి. ఆ తర్వాతే ఖాతాలో జమ. సభలో మంత్రి ‘ఇన్ని కోట్లు మంజూరు చేశాం’ అంటే అది మొదటి మెట్టు. ‘విడుదల చేశాం’ అన్నా రెండో మెట్టే. మూడో మెట్టు మీద ఏళ్ల తరబడి ఆగినవీ ఉంటాయి.

కాబట్టి ప్రశ్నలో మూడూ విడివిడిగా అడగాలి: మంజూరైంది ఎంత, విడుదల ఉత్తర్వు వచ్చింది ఎంత, ఖాతాలో జమైంది ఎంత. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: టోకెన్ తేదీల వరసలోనే చెల్లిస్తున్నారా, వరస దాటి చెల్లించినవి ఎన్ని, ఎవరి ఆదేశంతో? మొదటి మూడూ పరిశ్రమల మంత్రికి, నాలుగోది ఆర్థిక మంత్రికి వేయాలి. ఒకే ప్రశ్నలో కలిపితే ‘ఇది ఆ శాఖ పరిధిలోనిది’ అని ఇద్దరూ చేతులు దులుపుకుంటారు.

ఒక మాట మాత్రం నిష్ఠూరంగా చెప్పాలి. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ముందు వరసలో ఉంటాయి. ఎంత బాగా రాసినా ప్రశ్న ఖజానాలో డబ్బు పుట్టించదు. ఉన్న డబ్బులో చిన్నవాడి వంతు ఎవరు దాటిపోతున్నారో చూపించగలదు, అంతే. నా దృష్టిలో అదేమీ చిన్న పని కాదు.

ఎల్‌టీ_లైన్

బకాయిల పక్కనే సేవల సంగతి కూడా పెట్టండి. కరెంటు వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వచ్చాయి. 2024 సవరణ ప్రకారం అన్నీ సరిగా ఉన్న దరఖాస్తుకు మెట్రో నగరంలో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15 రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలి. సేవ ఆలస్యమైతే వినియోగదారుడు అడగకుండానే పరిహారం జమ కావాలన్నది ఆ నిబంధనల ఉద్దేశం. ‘కనెక్షన్లు సకాలంలో ఇస్తున్నారా’ అని అడిగితే ‘ఇస్తున్నామండీ’ అంటారు. ‘గత ఏడాది ఒక్కో డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) ఎంతమందికి ఆటోమేటిక్ పరిహారం జమ చేసింది’ అని అడగండి. జవాబు సున్నా అయితే దాని అర్థం రెండే: ఒక్క కనెక్షనూ ఆలస్యం కాలేదు, లేదా లెక్కే పెట్టడం లేదు. అనుబంధ ప్రశ్న తనంతట తానే తయారవుతుంది.

గ్యాలరీ_పాస్

ఖజానా_కిటికీ గారి మూడు మెట్ల లెక్క చూశాక నా వాదనలో సగం వదులుకుంటున్నాను. ఆ సగం సంఖ్యలు చేతిలో లేకుండా ఇచ్చే వాయిదా తీర్మానం గురించి. సంఖ్యలు వచ్చాక ఒత్తిడి తేవాలన్న మాట మాత్రం వదులుకోను. బడ్జెట్ సమావేశాల్లో పరిశ్రమల పద్దు మీద, శాఖ అడిగిన మొత్తం తగ్గించాలంటూ కోత తీర్మానం ఇవ్వొచ్చు. 100 రూపాయల నామమాత్రపు కోత ఉన్నది ఇలాంటి ఒక్క నిర్దిష్ట ఫిర్యాదు చెప్పుకోవడానికే. నెగ్గదు, కానీ పద్దు మీద మాట్లాడే హక్కు వస్తుంది.

ఇంకొకటి. ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘పరిశీలనలో ఉంది’ అని మంత్రి అంటే అక్కడితో ఊరుకోవద్దు. లోక్‌సభలో అలాంటి మాటలను హామీగా లెక్కగట్టి, నెరవేర్చడానికి మూడు నెలల గడువు పెడతారు. మన సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలున్నాయి. సభ్యుడు ఆ రోజు కార్యకలాపాల ప్రతి తీసుకుని, ఆ వాక్యం కింద గీత గీసి, తేదీ వేసి కమిటీకి లేఖ రాయాలి.

టోకెన్_నంబర్

లేఖతో పాటు చుక్క గుర్తు లేని ప్రశ్నకు వచ్చిన జిల్లాల వారీ జవాబు నకలు కూడా జతచేయమనండి. తర్వాతి సమావేశాల్లో అదే పట్టిక, అవే గడులతో మళ్లీ అడగాలి. అప్పుడే ఏ జిల్లాలో అంకె కదిలిందో, ఎక్కడ అలాగే ఉందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. గడులు మార్చి అడిగితే రెండు జవాబులకూ పోలిక కుదరదు.